ఎక్కేవాళ్ళదే దారి

నది ఒడ్డున వలంటీరు ఉండే చెక్క గది ఈ ఏడాది మా వదిన బెర్నిస్‌కి ఇవ్వాలా వద్దా అన్నది తేల్చవలసినదాన్ని నేను. పార్కులో వలంటీర్ల సంగతి చూసేది నేనే మరి. పరీక్ష పెద్దదేం కాదు. పొద్దున్నే కాన్యన్ లోయ అడుగుకి దిగి, తన సంచీ తానే మోసుకుంటూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చీకటి పడేలోగా పైకి రావాలి. దిగడం ఎవరైనా దిగుతారు. పైకి వచ్చేటప్పుడే నిటారు బండలూ, మెలికలూ, జారే గులకరాళ్ళూ.

అన్నయ్య పోయినప్పటి నుంచి వదినకి ఆ గదే ఇల్లు. ఏప్రిల్‌లో దిగితే మళ్ళీ చలికాలం ముందు గానీ పైకి వచ్చేది కాదు. దారిలో ఎండదెబ్బ తగిలి పడిపోయినవాళ్ళ దగ్గరికి నీళ్ళు పట్టుకుని పరుగెత్తేది ఆమే. మొన్న చలికాలంలో గుండెకి స్టెంటు వేశారు. ఇక దిగొద్దు, లోయ పైనే టికెట్ల కిటికీ దగ్గర కూర్చోమంటే, అంతకంటే పార్కు మానేసి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం నయమంది. నిజం చెప్పాలంటే ఆమె ఓడిపోవాలనే నాకు ఉంది. అన్నయ్యని పోగొట్టుకున్నది చాలు.

నది దగ్గర పచ్చిమిర్చి వేసిన బరిటో రొట్టె చుట్టలు తిని ఎక్కడం మొదలుపెట్టాం. సగం దారి బాగానే ఎక్కింది. నా నడక చూసి, నీకూ ఒక పరీక్ష పెట్టాలే కోరా అని వెక్కిరించింది కూడా. ఆ తర్వాత ఈస్టర్ సెలవులకి వచ్చిన జనం ఎదురవడం మొదలైంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎక్కేవాళ్ళు ఎదురైతే దిగేవాళ్ళు పక్కకి తప్పుకోవాలి. అలా తప్పుకోనివాళ్ళని వదిన ఇన్నేళ్ళూ నడిదారిలో నిలబెట్టి కడిగిపారేసింది. దారి మొదట్లో బోర్డు పెట్టేదాకా ఆఫీసువాళ్ళ ప్రాణం తీసింది. ఇప్పుడు ఆ పద్ధతే ఆమె ప్రాణం మీదికి వచ్చింది. దిగేవాళ్ళు రాతిగోడకి ఆనుకుని, మర్యాదగా నవ్వుతూ ఆమె కోసం ఆగుతున్నారు. నెమ్మదిగా రండి, తొందరేం లేదు అంటున్నారు. అంతమంది కాచుకుని ఉంటే నెమ్మదిగా నడవడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆమె అడుగు పెంచి, అందరికీ థాంక్స్ చెప్పుకుంటూ దాటేది. మలుపు తిరిగి కాస్త ఊపిరి పీల్చుకుందామనుకునేసరికి ఇంకో గుంపు ఆగి ఉండేది.

నిటారుగా ఉన్న బండల దగ్గర ఏదో చర్చివాళ్ళ బృందం ఆగింది. చాంతాడంత వరస. దాని చివరికి చేరేసరికి వదిన పెదాలు బూడిదరంగుకి తిరిగాయి. బండ మీద కూలబడింది. నీళ్ళ సీసా మూత తిప్పలేకపోయింది. నేను తియ్యబోతే, అది సాయం కిందకి వస్తుందని నా చెయ్యి నెట్టేసింది.

"ఇకమీదట వచ్చేవాళ్ళని నువ్వే పోనియ్యి వదినా," అన్నాను. "పక్కకి నిలబడితే నీ సొమ్మేం పోయింది?"

"నేను పక్కకి నిలబడడమా? ఎక్కలేనని చాటింపు వేసుకున్నట్టే కదే."

"వినడానికి నేను తప్ప ఎవరున్నారిక్కడ?"

"నువ్వే కదే తేల్చేది," అంది.

కాసేపటికి తనే లేచింది.

పై మలుపులో ఒకతను పసిబిడ్డని వీపున కట్టుకుని దిగుతున్నాడు. మమ్మల్ని చూసి గోడ వైపు జరిగాడు. వదిన అతన్ని చూసింది, ఇంకా ఎక్కవలసిన దారినీ చూసింది. ఆ తర్వాత తనే గోడకి వీపు ఆనించి, రమ్మని చెయ్యి ఊపింది.

"ఎక్కేవాళ్ళదే దారండీ. బోర్డు మీద రాసుంది," అన్నాడతను.

"ఆ బోర్డు పెట్టించింది నేనే నాయనా. నువ్వు రా."

అతను దాటాడు. వెనక వచ్చినవాళ్ళందరినీ అలాగే పోనిచ్చింది. వాళ్ళు దాటుతున్నంతసేపూ ఊపిరి తీసుకుంది, మొహంలోకి రంగు తిరిగొచ్చింది. మళ్ళీ ఎక్కడా తొందరపడలేదు. చూస్తూ చూస్తూ నా మనసే మారింది. ఇంత మొండి మనిషి తన పంతం తనే దించుకుని ఎక్కుతుంటే, కాదనడానికి నేనెవరిని అనిపించింది.

పొద్దు వాలుతుండగా పైకి చేరాం. సంచీ ఆమె వీపు మీదే ఉంది. నెగ్గావు వదినా అంటూ, ఆఫీసుకి చెప్పడానికి వైర్‌లెస్ తీశాను. ఆమె దాన్ని నా చేతిలోంచి లాక్కుంది.

"బెర్నిస్‌ని మాట్లాడుతున్నా. పైకొచ్చేశాను. కింద గదికి ఇంకెవర్నైనా చూసుకోండి."

నాకు ఒళ్ళు మండింది. నెగ్గి వచ్చి ఇదేం చోద్యమని గట్టిగానే అడిగాను.

"దారిలో ఎవడో పడిపోయి నాకోసం చూస్తుంటాడు. అప్పుడూ ఇలాగే ఎదురొచ్చిన ప్రతివాడినీ పోనిస్తూ గోడకి ఆనుకుని నిలబడతానా, కోరా?" అంది. "అందాకా వాడు ఆగుతాడా?"

పొద్దున నేను కోరుకున్నదే జరిగింది. అయినా అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఊరుకోవే అంటూ వదినే నా వీపు నిమిరింది.