ఏడో రీలులో అతుకు

ఏలూరులో ఏటా ఆగస్టులో మూడు రోజులు ‘మన సినిమా’ పండుగ జరుగుతుంది. మనవాళ్ళు తీసిన పాత సినిమాలు తప్ప మరొకటి వేయరు. ఆఖరిరోజు మ్యాట్నీ మాత్రం రీళ్ళమీదే ఆడాలన్నది అక్కడి ఆనవాయితీ. ఆ ఒక్క ఆటకోసం మూలనున్న ప్రొజెక్టరుకు నూనె పెడతారు, డెబ్బై దాటిన ఆపరేటర్ జ్ఞానయ్యకు కబురు పెడతారు.

ఈ ఏడు దొరికిన ప్రింటు కొల్లేరులో తీసిన సినిమాది. అందులోని పడవ పాటలో దోనె నడిపినవాడు నటుడు కాదు, లంకగ్రామపు తోమా. ఆ మరుసటి ఏడు తుఫానులో తోమా కొల్లేటి పాలయ్యాడు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. అప్పటికి మూడేళ్ళున్న కూతురు ఎలిజబెత్ ఇప్పుడు టీచరు, యాభైకి దగ్గరపడింది. నాన్న మొహం ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు. ప్రింటు దొరికిందని విన్నరోజే సెలవుచీటీ రాసిచ్చింది.

ఆటకు ముందురోజు జ్ఞానయ్య రీళ్ళు చేత్తో తిప్పుతూ అంచులు తడుముతుంటే, ఏడో రీలులో వేలికి అతుకు తగిలింది. ఏటవాలుగా కోసి అతికించిన అతుకు. దర్జీకి తన కుట్టు తెలిసినట్టే ఆపరేటరుకు తన అతుకు తెలుస్తుంది. జ్ఞానయ్య ఫిల్మును వెలుతురుకు పట్టి చూశాడు. పడవ పాటలో తోమా మొహమున్న ముక్క లేదు.

పండుగ నడిపే ఆనంద్ పాల్ సంగతి విని తేలిగ్గా తీసుకున్నాడు. ప్రింటు పాతది, అరిగిపోయిందని చెప్పేద్దాం, ఎవరడుగుతారన్నాడు.

“తోమాగారి అమ్మాయి అడుగుతుంది బాబూ,” అన్నాడు జ్ఞానయ్య.

మర్నాడు ఎలిజబెత్ గంట ముందే వచ్చి, ముందు వరుసలో కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది. జ్ఞానయ్య వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

“అమ్మా, పాటలో మీ నాన్నగారి మొహం ఉండదండి. కోసింది నేనే.”

ఈ ప్రింటే ఏలూరులో ఆడిన ఆ రోజుల్లో కొల్లేటి వైపు ఆఖరి బస్సు తొమ్మిదికి. సినిమా వదిలేదీ తొమ్మిదికే, స్టాండుకు పరిగెత్తేసరికి బస్సు కదిలిపోయేది. మూడోవారం లంకల జనం ప్రొజెక్టరు క్యాబిన్ మెట్లెక్కి, ఏదో ఒక ముక్క తగ్గించమని బతిమాలారు. అలా తగ్గించడం ఏ ఊరి ఆపరేటరైనా చేసేదే. ప్రింటు తిరిగి పంపేటప్పుడు ఆ ముక్క మళ్ళీ అతికించాలి. ప్రింటు పంపాల్సిన శుక్రవారమే జ్ఞానయ్య చెల్లెలి పెళ్ళి. అతికించడం మరిచిపోయాడు. ముక్క ఏమైందో తెలియదు. ఇదంతా చెప్పి తల దించుకున్నాడు.

ఎలిజబెత్ కళ్ళద్దాలు పెట్టుకుంది. “వెయ్యండి. ఉన్నంతవరకూ చూస్తాను,” అంది.

ఏడో రీలు వచ్చింది. తామరాకుల మధ్య దోనె, వెనకనుంచి తీసిన షాటు. నల్లటి వీపు, తడిసిన పంచె, నీళ్ళలో దిగుతున్న గెడ. తల పక్కకు తిరగబోయింది. చెవి, కాస్త దవడ. అంతలో తెరమీద పెళ్ళిపందిరి. హాలులో ఎవరూ ఈల వేయలేదు.

ఆట అయ్యాక ఆవిడ క్యాబిన్ మెట్లెక్కి వచ్చింది. మాట పడడానికి సిద్ధంగా జ్ఞానయ్య లేచి నిలబడ్డాడు.

“ఆ రోజు మెట్లెక్కినవాళ్ళలో మా నాన్న ఉన్నాడాండీ?”

“ఉన్నారమ్మా,” అన్నాడు జ్ఞానయ్య. “పోయినాయన మీదికి నెడుతున్నాననుకుంటారని చెప్పలేదమ్మా. ఏ ముక్క తియ్యమంటారంటే ఎవరూ నోరు మెదపలేదు. ఎవరికిష్టమైంది వాళ్ళకుందిగా. మీ నాన్నగారే ముందుకొచ్చి, నా పాటే తీసెయ్యండి, ఈ మొహం వీళ్ళు రోజూ చూసేదేగా, అన్నారండి.”

“నవ్వుతూ అన్నాడా, విసుక్కున్నాడా?”

“నవ్వుతూనేనండి. పక్కనున్నాయన భుజం చరిచి మరీ అన్నారు.”

“గొంతు ఎలా ఉండేదండీ?”

“కొంచెం బొంగురండి. నీళ్ళమీద కేకేసి కేకేసి అలా అయ్యుంటుంది.”

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆనంద్ పాల్ తాళాలతో వచ్చి గుమ్మంలో ఆగాడు.

“ఇంకేం గుర్తుంటే అది చెప్పండి,” అందావిడ. “నాకేం తొందర లేదు.”