రంగులవాడ పొగలెక్కల తెర

నేను ఒక తెరను. సినిమా తెర అనుకునేరు, అంత అదృష్టం నాకెక్కడిది! రంగులవాడ చేనేత సంఘం గోడకు వేలాడే పొగలెక్కల తెరను. ఏ ఇంటి కరెంటు, గ్యాసు, కట్టెలు, బండి కలిసి ఎంత కర్బనం గాలిలోకి వదులుతున్నాయో గీతలతో చూపడం నా పని. తక్కువైతే పచ్చ, ఎక్కువైతే ఎరుపు. ఏదో ఫ్యాక్టరీలో నాకు వెలుగు పోశారు. పట్నంలో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు బుద్ధి పెట్టారు. ఆ తర్వాత లారీలో ఈ ఊరికి వచ్చాను.

నాకు లెక్కలు ఎక్కించే పని స్వరూపది. ఆమె తండ్రి తాడూరి భిక్షపతి నూలుకు రంగులద్దుతాడు. తెల్లవారితే ఆయన గంగాళం కింద తుమ్మకట్టెలు మండాల్సిందే. స్వరూప ఇల్లిల్లూ తిరిగి, దాచేవాళ్ళను బతిమాలి, అన్నీ ఫోన్‌లో నింపేది. తమ ఇంటి దగ్గరకు వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆడలేదు. తండ్రే ధైర్యం చెప్పాడు.

“ఉన్నదున్నట్టు ఎక్కియ్ బిడ్డా. ఎర్రగ కనవడ్డోళ్లకే ముందుగాల పొగరాని పొయ్యి ఇస్తమన్నరు గద.”

సంస్థవాళ్ళు అలా అన్న మాట నిజమే, నా ముందే అన్నారు. స్వరూప కట్టెలు తూచి మరీ ఎక్కించింది. మరునాడు వాడంతటిలో భిక్షపతి ఇల్లొక్కటే నిప్పులా కనిపించింది.

ఇక చూడాలి మనుషుల తమాషా! రోజూ కారులో తిరిగే సంఘం అధ్యక్షుడు నన్ను చూసి ముక్కున వేలేసుకున్నాడు. అందరి మగ్గాల నూలూ ఆ గంగాళంలో మునిగి వచ్చిందేనని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. పొగ ఎవరింట్లో లేస్తే వాళ్ళ పేరునే చూపమని నాకు నేర్పారు.

అంతలో నా లెక్కలు చూడటానికి పెద్ద అధికారులు వస్తారని కబురందింది. సంఘం కూర్చుంది.

“భిక్షపతీ, నీ ఒక్క పొయ్యితోని వాడంత బద్నామైతున్నది. ఆళ్లు వచ్చిపోయేదాంక ఆపు,” అన్నాడు అధ్యక్షుడు.

“ఆపితె మేమేం తినాలె అన్నా?”

“సంఘం మాట కాదంటవా?”

సంఘం మాట దాటిన ఇంటికి పెళ్ళికీ రారు, చావుకీ రారు. భిక్షపతి పొయ్యి ఆర్పాడు. రేపు మాపంటూ అధికారులు రెండు నెలలు రాలేదు. పొగరాని పొయ్యి అసలే రాలేదు. మగ్గాలు ఆగవు కదా, నేతగాళ్ళు దూరపు మిల్లులో అద్దిన నూలు లారీలో తెప్పించుకున్నారు. ఆ మిల్లు పొగ, ఆ లారీ పొగ ఎంతో నాకెవరూ చెప్పలేదు. నా మీద వాడ మాత్రం పచ్చబడింది.

చివరికి భిక్షపతి కుటుంబం ఇంటికి తాళం వేసుకుని సూరత్ మిల్లు కూలికి బయలుదేరింది. పోయేముందు స్వరూప నా ఎదుట నిలబడి ఆఖరిసారి తమ ఇంటి లెక్క ఎక్కించింది. కరెంటు సున్న, గ్యాసు సున్న, కట్టెలు సున్న. ఫోన్ బల్లమీద పెట్టి ఏడ్చేసింది.

“నేనే ముంచిన నాయినా.”

“నీ తప్పేం లేదు బిడ్డా. నువ్వు నిజమే రాసినవ్,” అన్నాడు భిక్షపతి. ఆ మాటకు నాకు గుండె ఉంటే పగిలిపోయేది.

వారం తిరగకముందే అధికారులు వచ్చారు. చప్పట్లు, శాలువాలు. ఒకాయన నా దగ్గరికొచ్చి ఆ సున్న మీద వేలుపెట్టి మురిసిపోయాడు.

“శభాష్! ఈ ఇంటివాళ్ళను పిలవండి. మొదటి శాలువా వాళ్ళకే.”

పొదుపుగా బతికే ఇంటికీ ఖాళీ ఇంటికీ తేడా చెప్పడం నాకు రాదు. ఇప్పటికీ ఈ వాడలో అన్నిటికన్నా పచ్చగా ఆ ఇంటినే చూపిస్తున్నాను.