ఆదిశేషమ్మ నడిపిన కారు

పెంచలయ్య ఉదయగిరిలో వెంకటరమణయ్య శెట్టిగారి బాడుగ కారు నడిపేవాడు. ఆత్మకూరు కోర్టుకు పోయేవాళ్ళు, ఆసుపత్రికి పోయేవాళ్ళు, కొత్త పెళ్ళికూతుళ్ళు అందరూ ఆ కారులోనే పోయేవాళ్ళు. పెంచలయ్య ముందు కూర్చుంటే వెనక కళ్ళు మూసుకుని నిద్రపోవచ్చని చెప్పుకునేవాళ్ళు.

అలాంటి మనిషికి చూపు తగ్గడం మొదలైంది. ముందు దీపాల చుట్టూ రంగుల వలయాలు కనపడ్డాయి. తరవాత రోడ్డు అంచులు మాసిపోయాయి. ఒక సాయంత్రం ఎదురొచ్చిన వరిగడ్డి బండిని రాసుకుంటూ పోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా కారును మెల్లగా శెట్టిగారి కొట్టు దగ్గరకి తెచ్చి నిలిపి, తాళం గల్లాపెట్టె మీద పెట్టి, ఇంక నడపనని చెప్పి ఇంటికి నడిచిపోయాడు. నెల్లూరులో డాక్టరు నీటికాసుల జబ్బన్నాడు. పోయిన చూపు రాదనీ, ఉన్నది కూడా నిలవదనీ చెప్పాడు. ఏడాది తిరిగేసరికి పెంచలయ్యకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియకుండా పోయింది.

శెట్టిగారి గిడ్డంగి వెనక యుద్ధకాలం నుంచీ మూలపడి ఉన్న పాత కారు ఒకటి ఉండేది. ఆయన దాన్ని నలుగురి చేత తోయించి పెంచలయ్య ఇంటి పెరట్లో పెట్టించాడు. ఊరికే తుప్పు పట్టేదానికన్నా నీ దగ్గర ఉంటే దానికి మర్యాద అని కబురు చేశాడు.

పెంచలయ్య భార్య ఆదిశేషమ్మకు ఆ మర్యాద నచ్చలేదు. కళ్ళు లేని మనిషికి కారు ఇవ్వడమేమిటని లోలోపల కుమిలిపోయింది. రెండు మేకల్నిచ్చినా పాలకు పనికొచ్చేవనుకుంది. కోళ్ళు మాత్రం వెనక సీటులోకి దూరి గుడ్లు పెట్టుకున్నాయి.

పెంచలయ్య పగలంతా అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు. బజారుకు పోతే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపిస్తారని బజారుకే పోవడం మానేశాడు. అడిగితే తప్ప మాట్లాడడు. ఆదిశేషమ్మ విస్తళ్ళు కుట్టి హోటలుకు వేస్తూ ఇల్లు నెట్టుకొస్తోంది.

ఒక మధ్యాహ్నం ఆమె ఆకులు కుడుతుంటే పెరట్లో ఇనుము టంగుమన్న చప్పుడైంది. పోయి చూస్తే పెంచలయ్య బానెట్టు ఎత్తి, రెండు చేతులూ లోపల పెట్టి తడుముతున్నాడు. పుల్లా ఆకూ చేతిలోనే ఉండగా ఆమె అలాగే నిలబడిపోయింది. నెలల తరబడి ఆ ముఖంలో లేని కళ ఏదో అప్పుడు ఉంది. పిలిస్తే అది పోతుందేమోనని పిలవలేదు. కాసేపటికి అతనే, నట్లు వేసుకునేదానికి ఒక పాత పళ్ళెం కావాలని అడిగాడు. ఆమె తెచ్చి ఇచ్చింది.

అప్పటి నుంచి రోజూ అదే పని. ఒక్కొక్క సామానూ విప్పడం, కిరసనాయిల్లో కడగడం, చాప మీద వరసగా పేర్చడం. ఆ వరస తప్పితే మళ్ళీ బిగించలేడు గనక చాప దగ్గరకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. ఒకరోజు కోళ్ళు ఎగిరి దూకి ఆ వరసంతా చెల్లాచెదురు చేశాయి. పెంచలయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. ఆదిశేషమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, అన్నీ ఏరి, ఎక్కడివి అక్కడ పెట్టింది. అతను ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమి చూశాడు. ఒక్కటి కూడా తప్పలేదు.

"నువ్వు ఇదంతా చూస్తానే ఉండావా?" అన్నాడు.

"చూడక ఏం చేసేది? నువ్వు నవ్వేది ఆ చాప కాడనే గదా."

ఆ తరవాత ఆమె చాప పక్కనే కూర్చుంది. ఏ పానా ఎక్కడ పడుతుందో, క్లచ్చి ఏం చేస్తుందో, బ్రేకు ఎలా పట్టుకుంటుందో అతను చెప్పేవాడు. ఆమెకు అర్థం కాకపోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆ సామాను మీద పెట్టేవాడు. ఎండాకాలం పోయి తొలకరి పడిన నాడు అతను హ్యాండిలు తిప్పుతుంటే ఆమె సీటులో కూర్చుని చోకు లాగింది. కారు దగ్గి, తుమ్మి, ఉన్నట్టుండి అందుకుంది. కోళ్ళన్నీ కేకలు పెడుతూ బయటికి దూకాయి. వీధంతా వచ్చి చూసింది. పెంచలయ్య మాత్రం రేకు మీద చెయ్యి ఆనించి వింటూ, రెండో సిలిండరు ఇంకా సరిగా పలకడం లేదన్నాడు.

ఆ కారు రోడ్డెక్కదని అతనికి తెలుసు. అడుగు చట్రం తుప్పు తినేసింది. అయితే ఆ చప్పుడు ఊరు దాటి పోయింది. బద్వేలు రోడ్డులో లారీ తోలే ఖలీలుల్లా ఒకప్పుడు పెంచలయ్య దగ్గర క్లీనరుగా ఉన్నవాడు. అతను తన కార్బురేటరు విప్పి తెచ్చి, అన్నా, దీన్ని చూడమని ముందర పెట్టాడు. అతన్ని చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు వచ్చారు. ఇంటి ముందు ఎప్పుడూ ఏదో ఒక బండి ఆగి ఉండేది. మద్రాసు నుంచి సామాన్లు రావడానికి నెలలు పడుతుంది కాబట్టి, అత్యవసరమైతే పెంచలయ్య తన కారు నుంచే విప్పి ఇచ్చేవాడు. డైనమో ఒకరికి, లైట్లు ఒకరికి, చివరికి పిస్టన్లు కూడా. ఒకప్పుడు ఆ కారును తిట్టుకున్న ఆదిశేషమ్మకే, అది ఒక్కొక్కటీ పోగొట్టుకుంటుంటే మనసు చివుక్కుమనేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏటికి రేకుల డొల్ల మిగిలింది. దాని సీటు కింద ఒకసారి పాము కూడా చేరింది. రిపేరుకొచ్చే బండ్లకు పెరట్లో పాక వెయ్యాలి, చోటు లేదు. ఆత్మకూరులో పాత ఇనుము కొనే మదార్ సాహెబు తీసుకురమ్మన్నాడు. ఊళ్ళో బండి తోలే ఆదెయ్య ఎద్దులు కట్టి లాగడానికి ఒప్పుకున్నాడు. ఖలీలుల్లా పాత టైర్లు బిగించి, తానే స్టీరింగు పట్టుకుంటానన్నాడు.

బయల్దేరే ముందు పెంచలయ్య బ్రేకులు విప్పి శుభ్రంగా బాగుచేశాడు. ఇనప సామానుకు పోయే దానికి బ్రేకు ఎందుకని ఆదెయ్య అడిగాడు.

"పోయిందాకా అది బండే గదా," అన్నాడు పెంచలయ్య.

తీరా పొద్దున ఖలీలుల్లాకు లోడు తగిలి వెళ్ళిపోవాల్సి వచ్చింది. అప్పటికే కారుకు ఎద్దుల్ని కట్టేశారు. పెంచలయ్య అలవాటు కొద్దీ స్టీరింగు ముందర కూర్చున్నాడు. కాసేపు చక్రం పట్టుకుని, మెల్లగా పక్కకు జరిగాడు.

"నువ్వు కూర్చోమే," అన్నాడు.

"నేనా? ఊరంతా నవ్వదా?"

"నవ్వనీ. ఈ కారు సంగతి నీకు తెలిసినంత ఇంకెవురికి తెలుసు?"

ఆదిశేషమ్మ కొంగు నడుముకు దోపుకుని కూర్చుంది. వీధిలో ఆడవాళ్ళు బిందెలు దించి మరీ చూశారు. ఆమె తల తిప్పలేదు. ఊరు దాటాక పెంచలయ్య ఏమేం కనపడుతున్నాయని అడగడం మొదలుపెట్టాడు. వెనక కొండ, పక్కన జొన్నచేలు, దూరంగా గొర్రెల మందలు అని ఆమె చెప్పింది. ఇంక ఎడమ చేతి పక్క పెద్ద చింతచెట్టు వస్తుందని అతనన్నాడు. దాన్ని కొట్టేశారని ఆమె చెప్పింది. అతను ఆ పక్కకే ముఖం తిప్పి ఉంచాడు.

ఆ రాత్రికి మర్రిపాడులో చుట్టాలింట ఆగారు. మరునాడు కొంతదూరం పోయాక పొడుగాటి పల్లం వచ్చింది. కారు జారి ఎద్దుల మీదకి పోతుందని ఆదెయ్య తాడు విప్పేశాడు. పల్లం దిగాక మళ్ళీ కడతానని ఎద్దుల్ని పక్కకు తోలుకున్నాడు. ఆదిశేషమ్మ చక్రాన్ని గట్టిగా పట్టుకుంది.

"నాకు బయంగా ఉండాది."

"నేను పక్కనే ఉండా. బ్రేకు మీద కాలు ఊరికే పెట్టుండు, తొక్కబాకు. బాట మజ్జలో పోనీ."

కారు కదిలింది. ముందు నడకగా, తరవాత పరుగుగా. ఇంజను లేని బండికి చప్పుడేముంది, టైర్ల కింద గులకరాళ్ళు నలగడం, చెవుల పక్కన గాలి, అంతే. సగం పల్లంలో గొర్రెలు బాటకు అడ్డం వచ్చాయి. ఆమె గొర్రెలు అని అరిచింది.

"కొంచెం తొక్కు. వదులు. మళ్ళా తొక్కు," అన్నాడు పెంచలయ్య, పొయ్యి మీద పాలు చూడమన్నంత నిదానంగా.

కారు తగ్గింది. కాపరి గొర్రెల్ని అదిలించుకున్నాడు. అక్కడే ఆపెయ్యవచ్చు. ఆదిశేషమ్మ ఆపలేదు. కాలు తీసేసింది. కారు మళ్ళీ గాలిని చీల్చుకుంటూ కిందిదాకా పరిగెత్తి, చదునులో తనంతట తానే నెమ్మదించి నిలబడింది.

తన బుగ్గలు తడిసి ఉన్నాయని ఆమెకు అప్పుడు తెలిసింది, నవ్వుతున్నానని కూడా.

"ఇంకొంచెం దూరం ఉండుంటే బాగుండు," అంది.

"నేను వెనక కూసోనుంటే నిద్రపోయేవాణ్ణి," అన్నాడు పెంచలయ్య.

ఆత్మకూరులో మదార్ సాహెబు వాళ్ళను చూసి ఎదురొచ్చాడు. తన భార్య మదార్‌బీని పురిటి నొప్పులప్పుడు ఆసుపత్రికి చేర్చింది పెంచలయ్యేనని గుర్తుచేశాడు. సుత్తులు పట్టుకుని నిలబడ్డ పనివాళ్ళను ఆగమని, వీళ్ళు పోయేదాకా దాని మీద దెబ్బ పడకూడదని చెప్పాడు. పెంచలయ్య కారును ముందు నుంచి వెనక దాకా ఒకసారి తడిమాడు. తరవాత భార్య ఉన్న వైపుకు చెయ్యి చాపాడు. నడిపించమని తానుగా చెయ్యి ఇవ్వడం అదే మొదలు. ఆమె పట్టుకుని బస్సు దగ్గరకి తీసుకుపోయింది.

బస్సులో డ్రైవరు వెనక సీటే దొరికింది. ఊరు దాటగానే గేరు గరగరమంది.

"క్లచ్చి సగమే తొక్కినాడు," అంది ఆదిశేషమ్మ గుసగుసగా.

పెంచలయ్య పకపకా నవ్వాడు. అంత గట్టిగా నవ్వడం విని బస్సులో జనమంతా వాళ్ళ వైపు చూశారు. ఆ డ్రైవరు ఇంకేం చేస్తున్నాడో చూసి చెప్పమని అడిగాడు. ఆమె అతని చెవికి దగ్గరగా జరిగి, ఉదయగిరి వచ్చేదాకా చెబుతూనే ఉంది.