ఆకుపచ్చ అంచు కాగితం

పీతా అనే పొరల రొట్టె కోసం బల్ల మీద గుడ్డ పరిచి, పిండి ముద్దను నాలుగు వైపులా సాగదీస్తున్నాను. అడుగున గుడ్డ మీది పువ్వులు కనిపించేంత పల్చగా రావాలి, ఎక్కడా చిరగకూడదు. మా ఆయన ఎష్రెఫ్ వంటగది గుమ్మంలో నిలబడి, "సినిమాలో చచ్చిపోయే వేషమేగా. కళ్లు మూసుకుని పడుకోడానికి అంత ముందుగా వెళ్లడం దేనికి? పీతా కాల్చి పెట్టి వెళ్లు, అమ్మకి ఆకలేస్తుంది," అన్నాడు. పొర చిరిగింది. ఇరవై ఎనిమిదేళ్లుగా వారానికి రెండుసార్లు చేస్తున్న పని ఇది.

గురువారం నాకు గుండె ఆపరేషన్. కవాటం ఒకటి పాడైంది, మార్చాలి. "నూటికి తొంభై ఆరుగురు లేచి నడుస్తారు," అన్నాడు డాక్టరు ధైర్యం చెబుతున్నట్టు. ఆ మాట విన్నప్పటి నుంచి నా ప్రాణమంతా మిగిలిన ఆ నలుగురి దగ్గరే ఉంది. ఎవరై ఉంటారు వాళ్లు? పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చినవాళ్లా? ఇంట్లో ఎవరితోనూ ఈ భయం చెప్పుకోలేదు. ఎష్రెఫ్ అడిగింది ఒక్కటే, నేను ఆసుపత్రిలో ఉండే రెండు వారాలూ అమ్మకి మందులు ఎవరు వేస్తారని.

సినిమా పని ఆపరేషన్ కన్నా ముందే ఒప్పుకున్నాను. మా ఊరు జెనిత్సాలోనే, మా వీధిలోనే తీస్తున్నారు. మునీరా అనే ముసలి నటి చనిపోతుంది, ఊళ్లో ఆమె మరణ ప్రకటన అంటిస్తారు, అక్కడి నుంచి కథ. మునీరాని నేనే. నాలుగు సన్నివేశాలు, అందులో ఒకదానిలో శవాన్ని. ఆ రోజు శవం సన్నివేశం అయిపోతే చిత్రీకరణ ఇక మంగళవారం ఒక్కరోజే మిగులుతుంది.

ఆదివారం పొద్దున కళా విభాగం అమ్మాయి ఇల్హానా ఆ ప్రకటన మీద వేసే నా ఫొటో కోసం ఇంటికి వచ్చింది. నేను కాఫీ పెడుతున్నాను. ముందు గదిలో ఆమె ఎష్రెఫ్‌ని అడగడం వినిపించింది. "సార్, మాకు ప్రకటన రాయడం సరిగ్గా రావట్లేదు. ఇళ్లల్లో నిజంగా ఎలా రాస్తారో అలా కాస్త రాసిపెట్టరా? చనిపోయినావిడ నటి."

గిన్నెలో కాఫీ పొంగకముందే రాసేశాడు. ఇరవై ఎనిమిదేళ్లలో నాకు పుట్టినరోజు కార్డు మీద రెండు ముక్కలు రాయడానికి పూట పట్టే మనిషి. ఇల్హానా పైకి చదివింది. "ఎష్రెఫ్ గారి భార్య, ముబెరా తల్లి, దెర్విషా గారి కోడలు, ఉత్తమ గృహిణి వహిదా పరలోకానికి తరలివెళ్లారు. ఖననం మధ్యాహ్నం నమాజు తర్వాత. స్త్రీల ప్రార్థన ఇంట్లోనే."

"సార్, వహిదా అని రాశారు. మునీరా కదా."

"అలవాటులో వచ్చేసింది," అని నవ్వాడు ఎష్రెఫ్.

"నటి అని కూడా లేదు."

"మసీదు గేటుకి అంటించే కాగితం మీద అలాంటివి రాస్తారా అమ్మా? నలుగురూ చదువుతారు."

నేను పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. నా చావు కాగితం అతని తలలో ఎప్పటి నుంచో సిద్ధంగా ఉందన్నమాట. తేదీ ఒక్కటే తక్కువ.

ఆ క్షణం వరకూ నాకు చావంటే మత్తుమందు, చలి, చీకటి. ఆ తర్వాత వేరే భయం పట్టుకుంది, దీనికి మందు కూడా లేదు. గురువారం నేను లేవకపోతే శుక్రవారం ఎష్రెఫ్ మరణ ప్రకటనలు అచ్చువేసే కౌంటరు దగ్గరికి వెళ్లి ఇదే చెబుతాడు. నేను అడ్డు చెప్పడానికి ఉండను. నటనా విద్యాలయంలో నాలుగేళ్లు. మా ఊరి నాటకశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు, యాభై మూడు పాత్రలు. యుద్ధం రోజుల్లో కరెంటు లేక పట్టపగలే ఆడేవాళ్లం, జనం కోట్లు విప్పకుండా కూర్చుని చూసేవాళ్లు, నా నోట్లోంచి మాటతో పాటు ఆవిరి వచ్చేది. ఏడు సినిమాలు. మొదటిదాంట్లో ప్రియురాలిని, రెండేళ్లకే తల్లిని, నలభై దాటక ముందే నా కన్నా పెద్దవాడికి తల్లిని. "నీది తల్లి ముఖం వహిదా, అదృష్టం," అనేవాడు దర్శకుడు. "ఇంటికి వచ్చాక ఆ గొంతు తీసి బయట పెట్టు," అనేవాడు ఎష్రెఫ్. వేరే ఊళ్లో ప్రదర్శన ఉందంటే, "మరి భోజనం?" ఇవన్నీ నేను నవ్వుతూనే విన్నాను, పీతా కాల్చి పెట్టే వెళ్లాను. పీతా ఒక్కటే మిగిలింది, యాభై మూడు పాత్రలూ పోయాయి. ఇది అతను పగతో రాసి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. ప్రేమగానే రాశాడు.

మంగళవారం మసీదు గేటు దగ్గర కాగితం అంటించారు. మా మరణ ప్రకటనలన్నిటికీ ఉండే ఆకుపచ్చ అంచు, మధ్యలో నా ఫొటో, దాని కింద "మునీరా, రంగస్థల నటి". ఇల్హానా తానే దిద్దింది. పొరుగింటి మస్లిహా రొట్టెల సంచీతో వచ్చి, "నీ ఫొటో చూసి నా గుండె జారిపోయిందే. నీకేమీ కాలేదుగా?" అంది. ఇంకా ఏమీ కాలేదన్నాను. ఆమె వెళ్లాక కూడా ఆ కాగితం ముందే నిలబడ్డాను. ఎన్నడూ పుట్టని ఆడదానికి దక్కింది ఆ మాట. ఆమె మీద నాకు అసూయ వేసింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఇంటికి వచ్చి మందుల చీటీ వెనక నా ప్రకటన నేనే రాశాను. మూడుసార్లు కొట్టేసి రాశాను. బుధవారం భోజనాల దగ్గర దాన్ని ఎష్రెఫ్ ముందు పెట్టాను. మొదటి ప్రదర్శన రోజున కూడా అంత భయపడలేదు.

"నేను లేవకపోతే ఇది అచ్చువేయించు. ఒక్క మాట కూడా తియ్యకు."

అతను చదివాడు. "వహిదా, నటి. యాభై మూడు పాత్రలు, ఏడు సినిమాలు. ముబెరా తల్లి, ఎష్రెఫ్ భార్య." కాగితం బోర్లించాడు. "రేపు ఆపరేషన్ పెట్టుకుని ఇవేం మాటలు? నీకు బాగా భయంగా ఉంది, అర్థమైంది. అన్నీ మర్చిపోయి పడుకో."

"భయంగానే ఉంది. అందుకే రాశాను."

"నటి అని గోడకెక్కిస్తే బంధువులేమంటారు?"

కిటికీ పక్క దివాన్ మీద మా అత్తగారు దెర్విషా చెంచా కింద పెట్టింది. ఎనభై రెండేళ్ల మనిషి, మందులకీ అన్నానికీ తప్ప నోరు విప్పదు. "ఆ చీటీ ఇలా తే," అంది కొడుకుతో. అతను కదల్లేదు. ఆమే వంగి బల్ల మీంచి తీసుకుని, మడిచి, స్వెట్టరు జేబులో వేసుకుంది.

"ఇది నా దగ్గరుంటుంది అమ్మాయ్. అవసరం పడితే కర్ర పట్టుకుని నేనే కౌంటరుకి వెళ్తా. ఇంకో కాగితం తెచ్చుకో, నాది కూడా రాయి."

"నీదేముందమ్మా రాయడానికి?" అన్నాడు ఎష్రెఫ్.

"ఉక్కు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు క్రేన్ నడిపాను. కింద మరిగే ఇనుము, పైన నేను. ఈ అమ్మాయిని మొదటిసారి ఇంటికి తెచ్చినప్పుడు, 'మా అమ్మ అక్కడ క్యాంటీన్‌లో వండేది' అని చెప్పావు. నేను పక్కనే ఉన్నాను, విన్నాను."

ఇన్నేళ్లూ నేను క్యాంటీనే అనుకున్నాను. ఎష్రెఫ్ తల దించుకుని రొట్టె తుంచుతున్నాడు. నేను కాగితం, పెన్ను తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాను.

"దెర్విషా, క్రేన్ డ్రైవర్ అని రాయి," అంది అత్తయ్య. "పెద్ద అక్షరాలతో రాయి. మీ మామయ్య పేరు, చోటు మిగిలితే చూద్దాం."