తలుపు ముందు తీసిన రోజు

నేను ఒక సర్వర్‌ని. అంటే ఉత్తరాలు పుచ్చుకుని పంచిపెట్టే యంత్రాన్ని. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక పాత సామాన్ల కొట్లో, తుప్పు పట్టిన ఫ్రిజ్ కింద పడి ఉన్నాను. మీద బరువుంది గానీ పని లేదు, అదే పదివేలు.

ఎక్కడ పుట్టానో గుర్తులేదు. బుద్ధి తెలిసేసరికి హార్బరు దగ్గర, ఓడలకు మనుషుల్ని పంపే ఒక ఆఫీసులో ఉన్నాను. యజమాని ప్రభాకరం గారు. నన్ను చూసుకునేవాడు గొర్లె సూరీడు. ఓడల కెప్టెన్లు రాసే ఈమెయిళ్ళన్నీ నా గుమ్మంలోంచే లోపలికి రావాలి.

నా పొట్టలో నలుగురు నౌకర్లు ఉండేవారు. ఆఫీసులో ఎవరెవరున్నారో ఆ పేర్లన్నీ ఒకడి దగ్గర ఉంటాయి. ఒకడు చెత్త ఏరతాడు. ఒకడు ఎవరి ఉత్తరం వాళ్ళ పెట్టెలో వేస్తాడు. ఆఖరివాడు గుమ్మం దగ్గర కాపలా. నన్ను ఆపి మళ్ళీ వేసినప్పుడల్లా వీళ్ళు ఈ వరుసలోనే లేవాలని సూరీడు కట్టడి చేశాడు. పేర్లవాడు బద్ధకస్తుడు, లేచి ఒళ్ళు విరుచుకునేసరికి చాలాసేపు పడుతుంది. అంతవరకూ గుమ్మం మూసే ఉంటుంది. మూసిన గుమ్మం చూస్తే ఉత్తరం ఏమీ అనుకోదు, కాసేపాగి మళ్ళీ వస్తుంది. ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరన్నామా, ఇక ఈ గడప తొక్కదు. మనుషులకంటే వాటికి పౌరుషం ఎక్కువ.

ఆ రోజుల్లో దానమ్మ అని ఒకావిడ తరచూ వచ్చి ఆఫీసు బల్ల మీద కూర్చునేది. నిండు చూలాలు. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి మొగుడు పోలయ్య పక్కనుండాలని ఆవిడ ఆశ. ఈ ఆఫీసే ఓడెక్కించి పంపింది, అతను సముద్రం మీద ఉన్నాడు. ఓడ కొచ్చిన్ ఎప్పుడు చేరేదీ తెలియగానే రాస్తానని, బదులు మనిషిని పంపుతామని ఆఫీసు వెంటనే జవాబిస్తే పోలయ్యను అక్కడ దింపేస్తానని కెప్టెన్ మాటిచ్చాడు.

"ఏటైనా ఒచ్చిందేటి బాబూ?" అని ఆవిడ అడగడం, సూరీడు తల అడ్డంగా ఊపడం నాకు అలవాటైపోయింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకని నన్ను ఆపి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, మెడ లేకపోయినా దండ వేశారు. మళ్ళీ వేయడానికి పంతులుగారు మంచి ఘడియ చెప్పారు. పేర్లవాడు లేచేసరికి ఆ ఘడియ కాస్తా దాటిపోతుందని సూరీడు నసిగాడు.

"తలుపు ముందు తియ్యవయ్యా. లక్ష్మి వచ్చి వీధిలో నిలబడుతుందా?" అన్నారు ప్రభాకరం గారు.

జీతమిచ్చేవారి మాట. సూరీడు వరుస మార్చాడు. కొబ్బరికాయ కొట్టారు, కాపలావాడు తలుపు తీశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. లోపల పేర్లవాడు ఇంకా గుర్రు పెడుతున్నాడు.

అప్పుడే వచ్చింది కెప్టెన్ ఉత్తరం. ఈ పేరుగలవాళ్ళున్నారా అని కాపలావాడు లోపలికి తిరిగి అడిగాడు, ఎవరూ పలకలేదు. అలాంటివాళ్ళు ఇక్కడ లేరని పంపేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టయింది. నాకు అరవాలనిపించింది, నోరేదీ? గదిలో అందరూ కొబ్బరి ముక్కలు తింటున్నారు.

జవాబు అందక ఓడ పోలయ్యతో సహా ఆఫ్రికా వైపు వెళ్ళిపోయింది. ఓడ కంపెనీవాళ్ళు ఫోన్ చేసి చివాట్లు పెడితే గాని ఇక్కడ సంగతి తెలియలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సూరీడు ఆ పూటే వరుస సరిచేశాడు. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి దానమ్మకు జరిగింది చెప్పాడు. ఆవిడ ఏడవలేదు. పోనీలే బాబూ అని మంచినీళ్ళు అడిగింది.

ఆడపిల్ల పుట్టింది. పురిటిస్నానం దాకా నిలవలేదు. పోలయ్య ఉన్నా బతికేది కాదేమో. కనీసం ఒకసారి ఎత్తుకునేవాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఈ తుప్పు కూడా తక్కువే అనిపిస్తుంది.

కొన్నాళ్ళకు ఓడ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఈసారి అందరూ లేచే ఉన్నారు, సుఖంగా లోపలికి వచ్చింది. బిడ్డ ఆడా మగా, దానమ్మ ఎలా ఉంది అని పోలయ్య అడిగి రాయించాడు. ప్రభాకరం గారు చదివి, నువ్వే చూడు సూరీడూ అని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయారు. సూరీడు దానమ్మకు కబురు చేశాడు. ఆవిడ వచ్చి కూర్చుంది.

"ఏటి రాయమంటావమ్మా?"

ఆవిడ చాలాసేపు చీర కొంగు మడతలు పెట్టింది.

"ఆడపిల్లని రాయండి బాబూ. కళ్ళు అయ్యవేనని రాయండి. మిగతాది ఒచ్చినాక నానే సెప్తాను. నీళ్ళ మీదున్న మనిషి, ఒక్కడూ ఏటి సేస్తాడు?"

సూరీడు రాశాడు, నేను పంపాను. అంతా వరుసలోనే ఉంది కనక ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయింది.