లమీస్ నోట వేరే గొంతు

గ్రీన్‌రూమ్ అని కాగితం అంటించారు గానీ, అది హోటల్ వాళ్లు మడత కుర్చీలు పడేసుకునే గది. చల్లారిన బిర్యానీ వాసన, దాని మీద ఎవరో గుమ్మరించుకున్న సెంటు వాసన. రెండూ కలిసి మృదుల గొంతులో జిడ్డులా పేరుకున్నాయి. డాక్టర్ అచ్యుతరావు చికెన్ బొమిక చీకుతూనే ఆమెకు ప్లాన్ వివరిస్తున్నాడు.

"చాలా సింపులమ్మా మృదులా. ఆవిడ స్టేజి మీద. నువ్వు వెనకాల నల్ల కర్టెన్ చాటున. గొంతు నీది, ఒళ్లు ఆవిడది. జనానికి ఇంకేం కావాలి?"

చుట్టూ ఉన్న కమిటీ మెంబర్లు పగలబడి నవ్వారు. అచ్యుతరావు ఎడిసన్‌లో పేరున్న గుండె డాక్టరు, ఈ ఏడాది తెలుగు మహాసభలకు చైర్మన్. న్యూజెర్సీలో సగంమంది తెలుగు పెద్దల గుండెలు తన చేతిలోనే ఉన్నాయని ఆయనే చెప్పుకుంటాడు. ఆయన జోకుకి నవ్వకపోతే ఏమవుతుందో ఎవరూ పరీక్షించి చూడలేదు.

'ఆవిడ' అంటే లమీస్ సబ్బాగ్. ఒకప్పుడు బీరూట్‌లో ఆమె పాట మోగని టాక్సీ లేదు. రంజాన్ నెలలో వచ్చే సీరియళ్లలో రెండేళ్లు వరసగా ఆమే హీరోయిన్. ఈ గదిలో ఎవరికీ అవేమీ అక్కర్లేదు. వీళ్లకు తెలిసిందల్లా ఎనిమిదేళ్ల కిందట ఒక తెలుగు సినిమాలో, దుబాయ్ ఇసక మీద ఆమె చేసిన ఐటమ్ సాంగ్. సినిమా వారం ఆడలేదు. ఆ ఎడారి పాట మాత్రం ఇప్పటికీ ప్రతి పెళ్లి సంగీత్‌లోనూ మోగుతూనే ఉంది.

ఆ పాట పాడింది మృదుల.

అప్పుడామె హైదరాబాద్‌లో ట్రాక్ సింగర్. అసలు గాయని దొరికే లోపు షూటింగ్ ఆగకుండా ముందొక గొంతుతో పాడించి పెట్టుకుంటారు, తర్వాత దాన్ని తీసేసి పెద్ద గొంతు పెడతారు. ఎడారి పాటకు ఆ పని మర్చిపోయారో, బద్ధకించారో, మృదుల గొంతే ఉండిపోయింది. తెలుగువాళ్లకు అందులో వింతేమీ లేదు. తెర మీద పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది. అలా కాకపోతేనే వార్త. పెళ్లయి ప్లెయిన్స్‌బరో వచ్చి, అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు సంగీతం చెప్పుకుంటున్నా, ఇక్కడ అందరికీ ఆమె 'ఎడారి పాట మృదుల'.

"ఆవిడ సొంత పాటలు రెండు పాడతారని ప్రోగ్రామ్‌లో ఉంది కదా డాక్టర్ గారూ?"

"ఉంది. అలాగైతేనే వస్తానంది, వేశాం." అచ్యుతరావు బొమిక ప్లేట్లో పడేసి వేళ్లు నాకాడు. "ఎడారి పాట అవగానే స్పాన్సర్లకి సన్మానం. ఇంక టైమెక్కడిది? ఆ అరబ్బీ ఏడుపులు ఎవరు వింటారు తల్లీ?"

"మరి ఆవిడ మైకు?"

"ఇస్తాం. ఆన్ చెయ్యం."

మళ్లీ నవ్వులు. ఆయన ఒక ప్లాస్టిక్ సంచి మృదుల చేతిలో పెట్టాడు. "మేం ఇస్తే తీసుకోవట్లేదు. ఆడదానివి, నువ్వు చెబితే వింటుంది. ఇది వేసుకుని రమ్మను."

సంచిలో ఉన్నదాన్ని డ్రెస్ అనడానికి నోరు రాదు. కింద గిల్టు బిళ్లల వరస, పైన తళుకులు కుట్టిన రెండు చిప్పలు. కమిటీలో ఎవరో భోజనం చేస్తూనే విప్పి చూసినట్టున్నారు, అంచున పసుపుపచ్చని వేలిముద్రలు ఉన్నాయి.

తలుపు దగ్గర రాజ్ ఎదురొచ్చాడు. వరంగల్ కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సభలన్నిటికీ సౌండ్ అతనే చూస్తాడు.

"అక్కా, నీ మైకు ఒక్కటే లైవ్. కర్టెన్ వెనక స్టాండ్‌కి పెట్టిన. ఆమెకిచ్చేది డమ్మీ."

"సిగ్గనిపించట్లేదా రాజ్?"

"అనిపిస్తుందక్కా." అతను నేల చూశాడు. "కానీ నాకు జాబ్ ఇప్పించింది సారే కదా."

* * *

లమీస్ గది రెండో అంతస్తులో. తలుపు తీసింది ఆమె చిన్నాన్న కొడుకు నబీల్. అతను అరబ్బులు ఎక్కువగా ఉండే పేటర్సన్‌లో ఉంటాడు, ఊద్ వాయిస్తాడు. ఆ పొట్టి మెడ వీణలాంటి వాద్యం అతని చంకలోనే ఉంది. లమీస్ కిటికీ పక్కన నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. మెడ నుంచి పాదాల దాకా నల్లటి గౌను. నగల్లేవు. సంచి చూడగానే ఆమె పెదవి వంకర తిరిగింది.

"ఇది మూడోసారి పంపడం," అంది ఇంగ్లీషులో. "మీ వాళ్లు నన్ను పాడటానికి పిలిచారా, పశువుల సంతకి పిలిచారా?"

మృదుల సంచి కింద పెట్టింది. మెల్లగా చెబుదామనుకున్న మాట గబుక్కున బయటికొచ్చింది.

"ఎడారి పాటలో గొంతు నాది."

లమీస్ ఆమె వైపు ఒకడుగు వేసింది. "మధ్యలో వచ్చే అరబ్బీ లైన్లు కూడానా?"

"నేనే."

"అది అరబ్బీ కాదు."

"తెలుసు. నోటికొచ్చింది అను, అరబ్బీలా ఉంటే చాలన్నాడు డైరెక్టరు. అన్నాను. ఆ పాట ఎవరి మీద తీస్తారో కూడా నాకు అప్పుడు తెలీదు."

లమీస్ నవ్వింది.

"నేను ఇసకలో నిలబడి మంచి అరబ్బీలో నాలుగు లైన్లు పాడాను. కెమెరా ముందు, నా గొంతుతో. సినిమా వచ్చాక చూస్తే నా నోట్లోంచి ఊళ ఒకటి వస్తోంది. మా దగ్గర ఒక టీవీ వాడు దాన్ని రోజూ వేశాడు. 'లమీస్‌కి అరబ్బీ కూడా రాదు, ఇన్నాళ్లూ ఎవరి గొంతు పెట్టుకుని బతికిందో' అన్నాడు. ముందు అందరూ నవ్వారు. తర్వాత నమ్మారు. పాటల కంపెనీ వదిలేసింది, సీరియళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు పేటర్సన్‌లో పెళ్లికి పిలిచినా మొదటి ప్రశ్న అదే. 'నిజంగా మీరే పాడతారా?'"

నబీల్ అరబ్బీలో ఏదో సణిగాడు. లమీస్ చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"డియర్‌బోర్న్‌లో ఒక అరబ్బీ టీవీ ప్రొడ్యూసర్ ఉన్నాడు. ఈ సాయంత్రం మీ లైవ్‌స్ట్రీమ్ చూస్తానన్నాడు. నేనే పాడుతున్నానని కళ్లారా చూస్తే తన షోలో పెడతాడు. ఇంకోసారి పెదవులు కదుపుతూ దొరికానా, ఇక నన్ను ఎవరూ పిలవరు. అందుకే వచ్చాను. మీ ఐటమ్ కోసం కాదు."

మృదుల ఎన్ని ఫంక్షన్లలో చప్పట్లు కొట్టించుకుంది ఆ గొంతుతో! ఇప్పుడది ఎవరో నమిలి ఉమ్మింది తన నోట్లో ఉన్నట్టుంది.

"మీకిచ్చే మైకు పని చెయ్యదు," అంది. "మీ పాటలు రెండూ లేవు. ఎడారి పాటకి పెదవులు కదిపించి, కిందికి దించేస్తారు."

నబీల్ ఊద్‌ను మంచం మీద పెట్టి తలుపు వైపు దూసుకెళ్లాడు. లమీస్ అడ్డం నిలబడింది.

"కొట్టుకుంటే అదే లైవ్‌లో వస్తుంది," అంది. తర్వాత మృదుల వైపు తిరిగింది. "నీ మైకు పని చేస్తుందా?"

"చేస్తుంది."

* * *

అయిదింటికి హాలు కిక్కిరిసి ఉంది. పట్టుచీరలు, షేర్వానీలు, చేతుల్లో సమోసా ప్లేట్లు. యాంకర్ "అరేబియన్ అందాల సుందరి!" అనగానే వెనక వరసల్లోంచి ఈలలు. నల్ల గౌనులో లమీస్ రాగానే ఆ ఈలలు సగంలో నీరుగారిపోయాయి.

"డ్రెస్సేదండీ?" అని అరిచాడు ఒకాయన. ఆయన పక్కనే కూతురు కూర్చుని ఉంది.

నబీల్ ఎవరినీ అడక్కుండా కుర్చీ లాక్కుని స్టేజి చివర కూర్చున్నాడు. ఎడారి పాట మ్యూజిక్ మొదలైంది. డప్పులు, నకిలీ సన్నాయి. పల్లవి ఎత్తుకోవాల్సిన చోటు వచ్చింది, వెళ్లిపోయింది. కర్టెన్ చాటున మృదుల నోరు మెదపలేదు. మైకును స్టాండ్ నుంచి లాగి, కర్టెన్ తోసుకుని వెలుతుర్లోకి నడిచింది.

రాజ్ మ్యూజిక్ ఆపేశాడు. గొంతు రాకపోతే ఆపడం అలవాటు కొద్దీ ఆపాడో, తెలిసే ఆపాడో.

మృదుల కెమెరా వైపు చూసి, డియర్‌బోర్న్‌లో కూర్చున్నవాడికి అర్థం కావాలని ఇంగ్లీషులోనే చెప్పింది.

"ఎడారి పాటలో మీరు విన్నది నా గొంతు. ఆ సినిమాలో లమీస్ పాడిన ఒక్క ముక్క కూడా ఉంచలేదు. అందులో ఉన్న అరబ్బీ అరబ్బీయే కాదు. ఇప్పుడు ఆవిడ గొంతు వినండి."

మైకు లమీస్ చేతిలో పెట్టింది. పనిచెయ్యని మైకును లమీస్ నేల మీద పెట్టి కళ్లు మూసుకుంది.

మొదట రెండే మాటలు. 'యా లేల్.' ఓ రాత్రీ అని అర్థమట. ఆ రెండు మాటల్నీ పట్టుకుని ఆమె పైకి తీసుకెళ్లింది, తిప్పింది, ఎక్కడో విరిగిపోతుందనుకున్న చోట నిలబెట్టింది. వెంట ఊద్ నడిచింది. సమోసా నములుతున్న నోళ్లు ఆగాయి. రెండు స్వరాల మధ్య ఏ మెట్టూ లేదనుకునే చోట లమీస్ అడుగు పెడుతుంటే, ఇన్నేళ్లు సంగీతం చెప్పిన మృదులకే ఆ స్వరం పేరు తెలియలేదు. ఇలాంటి గొంతును తీసేసి తన ఊళ పెట్టారా!

"ఐటమ్! ఐటమ్!" అని వెనక నలుగురు మొదలెట్టారు.

మొదటి వరసలో ఛాయాదేవి గారు, రిటైరైన పిల్లల డాక్టరు, లేచి వెనక్కి తిరిగారు. "నోర్ముయ్యండ్రా! మీ ఇళ్లలో ఆడపిల్లలు లేరా?" అన్నారు. నోళ్లు మూతపడ్డాయి.

అప్పుడు కదిలాడు అచ్యుతరావు. లైవ్‌లో మైకు ఆపేస్తే పరువు తక్కువ. పాటను ఆపడానికి మన సభల్లో మర్యాదైన పద్ధతి వేరే ఉంది. పెద్దలు వరసగా స్టేజి ఎక్కి, పాడేవాళ్ల భుజాల మీద శాలువా కప్పేస్తారు. శాలువా పడ్డాక ఇంక పాడేదేముంది? దణ్ణం పెట్టి దిగిపోవడమే. చైర్మన్ చేతిలో శాలువా, వెనక ముగ్గురు స్పాన్సర్లు బొకే, మొమెంటోలతో మెట్లెక్కారు.

మృదుల వాళ్లకు ఎదురెళ్లి తల వంచింది.

"నాకే కదండీ సన్మానం! ఎడారి పాట పాడింది నేనేగా!"

"నువ్వు తప్పుకో," అచ్యుతరావు పళ్ల బిగువున అన్నాడు.

"ఫోటో తీసుకుందాం రండి డాక్టర్ గారూ. స్పాన్సర్లందరూ రండి. ఒక్కొక్కరితో విడివిడిగా కూడా తీసుకుందాం."

ఫోటో అంటే కాదనే స్పాన్సరు ఇంతవరకు పుట్టలేదు. ముగ్గురూ అప్పుడే కోట్లు సర్దుకుంటున్నారు. ఫోటోగ్రాఫర్ పరిగెత్తుకొచ్చాడు. మృదుల వాళ్లను స్టేజి అంచుకి, స్పీకర్ల పక్కకి లాక్కుపోయింది. శాలువా ఆమె మీద పడింది. దానితోపాటే శాలువా కిందుగా అచ్యుతరావు చెయ్యి ఆమె నడుం మీద పడింది. తడిగా, వేడిగా ఉందది. ఆయన తీయలేదు.

"నీ క్లాసులకి ఇక ఎవరి పిల్లలొస్తారో చూస్తా," కెమెరా వైపు నవ్వుతూనే చెవిలో అన్నాడు. బిర్యానీ ఊపిరి మెడకు కొట్టింది.

తోసేస్తే ఈయన తిన్నగా లమీస్ దగ్గరికే వెళ్తాడు. మృదుల నవ్వింది. "ఇంకొకటి తీయండి, కళ్లు మూసుకున్నాను," అంది. మళ్లీ, "గ్రూప్ ఫోటో లేదే!" అంది. నడుం మీద వేళ్లు కదులుతుంటే పళ్లు బిగించి, లమీస్ పాటలో చరణాలు ఎక్కడ తిరుగుతున్నాయో అదే వింటూ నిలబడింది. ఒక పాట అయింది. లమీస్ చప్పట్లకు కూడా ఆగకుండా రెండోది ఎత్తుకుంది. అదీ అయింది. హాలంతా లేచి నిలబడింది.

అప్పుడు మృదుల ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, చచ్చిన ఎలకను తీసినట్టు తీసి పక్కన పడేసింది.

* * *

పార్కింగ్ లాట్‌లో ఇంకా ఎండ ఉంది. నబీల్ ఫోన్లో అరుస్తున్నాడు. పెట్టేసి, లమీస్ రెండు భుజాలూ పట్టుకుని ఊపాడు. డియర్‌బోర్న్ మనిషి ఒప్పుకున్నాడు. లైవ్‌లో చూసినవాళ్లు ఆ రెండు పాటల్నీ అప్పుడే బీరూట్‌కి పంపించేస్తున్నారట.

లమీస్ కారుకి చేరబడి మృదులను చూసింది.

"ఎనిమిదేళ్లుగా నీ గొంతంటే నాకు అసహ్యం. ఇంకా పోలేదు."

"ఇవాళ్టి నుంచి నాకూ అసహ్యమే," అంది మృదుల.

"ఆ మనిషి చెయ్యి ఎక్కడుందో చూశాను, పాడుతూ. ఆపేద్దామనుకున్నాను."

"ఆపి ఉంటే మిమ్మల్ని కూడా క్షమించేదాన్ని కాదు."

మృదుల ఫోన్ మోగింది. మహాసభల వాట్సాప్ గ్రూప్. ఊళ్లో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ అందులో ఉంటాయి, అచ్యుతరావు భార్యతో సహా. చైర్మన్ గారి మెసేజ్: 'ఇంటర్నేషనల్ స్టార్ లమీస్ లైవ్! మన కమిటీ ప్లాన్ చేసిన సర్‌ప్రైజ్ ఎలా ఉంది?' కింద స్టేజి మీద శాలువా కప్పుతూ తీయించుకున్న ఫోటో. అప్పుడే అభినందనలు, దణ్ణాల బొమ్మలు వరదలా వస్తున్నాయి.

మృదుల ఫోటోను పెద్దది చేసి చూసింది. తన ముఖం నవ్వుతోంది. ఇంకా కిందికి జరిపింది. శాలువా అంచు పక్కకు తొలగి ఉంది. దాని కింద అయిదు వేళ్లూ స్పష్టంగా, చీర కుచ్చిళ్ల పైన ఒంటికి అంటుకుని ఉన్నాయి. హడావుడిలో ఆయనే చూసుకోకుండా పెట్టేశాడు.

ఆమె ఆ ముక్క వరకే కత్తిరించి గ్రూప్‌లో పెట్టింది. కింద తెలుగులో టైప్ చేసింది:

'సర్‌ప్రైజ్ కమిటీది కాదు. లమీస్ పాట ఆపడానికి డాక్టర్ గారు శాలువాతో వచ్చారు. పాట నడిచినంతసేపూ ఆయన చెయ్యి ఎక్కడుందో మీరే చూడండి.'

పంపించింది. గ్రూప్‌లో అభినందనలు ఒక్కసారిగా ఆగిపోయాయి.