నిజంగానే వెళ్ళిపోతున్నారా?

రైలు వెళ్ళినప్పుడల్లా ఆ మేడగది నేల సన్నగా వణికేది. కింద రంగు చేపలమ్మే దుకాణం. పైన గదిలో ముగ్గురు మనుషులు, నాలుగు బల్లలు. నాలుగో బల్లమీద ఖాళీ డోనట్ పెట్టెలూ, ఎవరూ వేసుకోని ఒక స్వెటరూ ఉండేవి. నాడీన్‌కు అటు చూడటం ఇష్టముండేది కాదు. చూస్తే ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిపోయినట్టుండేది. నిజానికి అక్కడ ఎవరూ ఎన్నడూ కూర్చోలేదు.

వాళ్ళు తయారుచేస్తున్నది ఆఫీసుల్లో రాసుకునే పుట. కంప్యూటర్‌లోకి ఎక్కించుకోనక్కరలేదు, బ్రౌజర్ తెరిస్తే చాలు, పుట వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఒకే పుటమీద ముగ్గురు మూడు ఊళ్ళలో కూర్చుని ఒకేసారి రాయవచ్చు. ఆ సంవత్సరం, అంటే రెండు వేల ఆరులో, ఈ సంగతి చెబితే వీధికో కంప్యూటర్ సంస్థ ఉన్న శాన్ మాటియోలో కూడా సగం మంది నవ్వారు. మిగతా సగం మంది తామూ అదే పనిలో ఉన్నామన్నారు.

సంస్థ వెండెల్‌ది. అందరూ కొట్టిన అక్షరాలను అందుకుని ఒక్కచోట కలిపే సర్వర్ పని అతను చూసేవాడు. కళ్ళకు కనబడే పుట పని ప్రిసిల్లాది. నాడీన్ మాటలు రాసేది. తెరమీద తెరుచుకునే చిన్న పెట్టెలో ఏ ప్రశ్న రావాలి, తప్పు జరిగితే ఎలా చెప్పాలి, కొత్తవాళ్ళకు సహాయం పుటలు ఎలా ఉండాలి, ఇవన్నీ ఆమెవి. యాభై దాటి చాలా ఏళ్ళయింది. ఇంతకుముందు పనిచేసిన రెండు సంస్థలు మూతపడ్డాయి. రెండుచోట్లా చివరిరోజు వెడల్పాటి కేకు తెప్పించి, క్రీముతో సంస్థ పేరు రాయించి, ఆ పేరునే ముక్కలుగా కోసి పంచారు. రెండోసారి పేరులోని చివరి అక్షరం ఆమె పళ్ళెంలోకి వచ్చింది. అప్పటినుంచి ఆమె కేకు తినలేదు.

ఇప్పుడు మూడో కేకు భయం పట్టుకుంది. గురువారం ఓక్లాండ్ నర్సుల సంఘం నుంచి ఆఫీసు మేనేజరు ఒడాలిస్ అనే ఆవిడ వస్తోంది. తమ సంఘం పనంతా ఈ పుటలమీద నడపాలో వద్దో ఆవిడే తేలుస్తుంది. ఒప్పుకుంటే సరే. లేకపోతే నెలాఖరుకు గది తాళాలు ఇచ్చేస్తానని వెండెల్ దాపరికం లేకుండా చెప్పాడు.

సరిగ్గా ఆ వారమే నాడీన్ రాసినవి మాయమవడం మొదలైంది.

"సహాయం పుటలు ఎంతదాకా వచ్చాయి?" అని సోమవారం వెండెల్ అడిగాడు.

"అయిపోవచ్చాయి. పట్టికలు గీసే సంగతి కూడా రాశాను, చూడు."

"నాకు పైనున్న పేరొక్కటే కనబడుతోంది."

"పేరు కింద చూడు."

"పేరు కిందే చూస్తున్నా. తెల్లగా ఉంది."

"నాక్కూడా అంతే," అంది ప్రిసిల్లా, నోట్లో డోనట్ ముక్కతోనే. "టాహో కొండల్లో మంచు పడ్డట్టుంది."

నాడీన్ తన తెరవైపు చూసింది. పేరాలు వరసగా ఉన్నాయి. పట్టికల సంగతి ఉంది. శుక్రవారం రాసింది కూడా చెక్కుచెదరకుండా ఉంది. వెండెల్ లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చూశాడు.

"ఉంది," అన్నాడు.

"ఉందని చెప్తూనే ఉన్నాగా."

అతను తన బల్ల దగ్గరికి వెళ్ళి చూశాడు. "లేదు."

మళ్ళీ వచ్చాడు. "ఉంది." గెడ్డం గీరుకున్నాడు. "ఒకే పుట. నీకేమో ఉంది, మాకేమో లేదు. అంటే నా సర్వర్ మనిషికొక పుట ఇస్తోందన్నమాట."

ఆ సాయంత్రం నుంచి అతను అక్షరాలు కలిపే భాగాన్ని విప్పడం మొదలుపెట్టాడు. మంగళవారమంతా విప్పాడు. విప్పినకొద్దీ తప్పు దొరకలేదు సరికదా, అంతవరకూ బాగా నడిచినవి కూడా కుంటడం మొదలైంది. ప్రిసిల్లా కొట్టిన అక్షరాలు తిరగబడి రాసాగాయి.

"నా పేరు వెనకనుంచి చదివితే బానే ఉందిలే," అంది ప్రిసిల్లా. "కానీ ఆ నర్సులకి మందుల పేర్లు ఇలా వస్తే మనల్ని జైల్లో పెడతారు."

వెండెల్ నవ్వలేదు. నాడీన్ అసలు తల ఎత్తలేదు. తన కళ్ళమీద ఆమెకు నమ్మకం పోతోంది. తల్లి చివరి రోజుల్లో గదిలో లేని మనుషులకు కాఫీ పోసి, చల్లారిపోతుంది తాగండని బతిమాలేది. తనకు కనబడేది పక్కవాళ్ళకు కనబడకపోవడం అక్కడే మొదలవుతుందేమోనని నాడీన్‌కు దడ పుట్టింది. వాక్యం రాసింది. ఎన్నో ఏళ్ళ అలవాటు ప్రకారం చిటికెనవేలితో కంట్రోల్ మీట, మధ్యవేలితో ఎస్ మీట కలిపి నొక్కింది. చిన్న పెట్టె వచ్చింది. సరే అంది. మరో వాక్యం రాసింది. మళ్ళీ నొక్కింది. ఏ ఆఫీసులోనైనా, ఏ కాలంలోనైనా, అలా నొక్కితే రాసింది నిలిచేది. పొద్దున వచ్చి తెరమీద తన పుట పేరున్న గుర్తును నొక్కితే, నిన్నటిదంతా నిన్నటిలాగే తెరుచుకునేది. ఇదీ అలాగే తెరుచుకుంటోంది. మరి వాళ్ళకెందుకు లేదు?

బుధవారం మధ్యాహ్నం వెండెల్ చేతులెత్తేశాడు.

"సర్వర్ మొత్తం ఆపేస్తున్నా. ఒకసారి అంతా చల్లబడితే గాని నాకు బుర్ర పనిచెయ్యదు. మీ మీ పుటలు మూసెయ్యండి."

"ఇప్పుడే ఒక ముక్క కొట్టాను, ఇంకా చేరలేదు," అంది ప్రిసిల్లా.

"పోతే పోనీ. మూసెయ్."

ఆమె మూయబోయింది. వెంటనే తెర మధ్యలో పెట్టె వచ్చింది. 'మీరు రాసినది ఇంకా మాకు చేరలేదు. నిజంగానే వెళ్ళిపోతున్నారా?' ఆ మాటలు నాడీన్ రాసినవే. ఒకప్పుడు వాటి గురించి పెద్ద వాదన నడిచింది. నిజంగానే అన్న మాట ఎందుకు, వట్టి 'మూసేయాలా' అంటే చాలదా అని వెండెల్ అన్నాడు. చాలదని నాడీన్ పట్టుబట్టింది. ఆమె భర్త ఒకరోజు, ఆమె బట్టలుతికే చోటుకు వెళ్ళివచ్చే లోపల, సూటుకేసుతో వెళ్ళిపోయాడు. ఎవరైనా అతన్ని గుమ్మం దగ్గర ఆపి ఒక్క మాట అడిగి ఉంటే ఏమయ్యేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. అది వెండెల్‌కు చెప్పలేదు. నిజంగానే అన్న మాట మాత్రం ఉంచేసింది.

ప్రిసిల్లా 'అవును' నొక్కింది. నాడీన్ కూడా ఆ క్షణమే కొట్టిన వాక్యంతో సహా తన పుట మూసింది.

అది మూసుకుంది. అంతే.

"నన్ను అడగలేదు," అంది నాడీన్.

"ఏమడగలేదు?"

"వెళ్ళిపోతున్నారా అని. నేనూ ఇప్పుడే రాశాను. సర్వర్ ఆగింది కదా, చేరి ఉండదు. నన్నూ అడగాలి కదా."

వెండెల్ కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చాడు. "మళ్ళీ తెరువు."

ఆమె తెరమీది గుర్తు నొక్కింది. పుట తెరుచుకుంది, ఆగిపోయిన సర్వర్‌తో తనకేమీ పట్టనట్టు. వెండెల్ పైన చిరునామా ఉండే గడిమీద వేలు పెట్టాడు. అక్కడ తమ సంస్థ పేరు లేదు. ఆమె కంప్యూటర్ పేరుంది.

కింద దుకాణంలో నీళ్ళ మోటారు గరగరలాడింది.

"నాడీన్," అన్నాడు వెండెల్ నెమ్మదిగా, "నువ్వు కంట్రోల్, ఎస్ నొక్కుతున్నావా?"

"నొక్కకుండా ఎలా రాస్తారు?"

"అమ్మా తల్లీ. అది మన పుటకి తెలీదు. అది నొక్కితే బ్రౌజరు, ఈ పేజీని నీ కంప్యూటర్‌లో దాచమంటావా అని అడుగుతుంది. నువ్వు సరే అంటున్నావు. అది పైముఖాన్ని అచ్చుగుద్ది దాస్తోంది. వెనక మనిషి లేడు. పేరొక్కటి రాసిన రోజు దాచి ఉంటావు, అప్పటినుంచి నువ్వు దాని మీదే రాసి, మళ్ళీ దాన్నే దాచి, పొద్దున్నే మళ్ళీ దాన్నే తెరుస్తున్నావు."

"అంటే ఇన్నాళ్ళూ పుట ఫోటోతో కాపురం చేసింది," అంది ప్రిసిల్లా. నవ్వు ఆపుకోలేక బల్లమీద తల వాల్చేసింది.

నాడీన్‌కు ముందు సిగ్గేసింది. తర్వాత, తన మతి పోలేదని తెలిసి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ తర్వాత మళ్ళీ అయోమయం కమ్ముకుంది. రాయనిచ్చింది. దాచింది. మర్నాడు తెచ్చి చూపించింది. బతికున్న పుట చేసేవన్నీ చేసింది. అటువైపు ఎవరూ లేరని మనిషికెలా తెలియాలి?

"ఆ మీటలు నేను మింగేస్తా," అంది ప్రిసిల్లా కళ్ళు తుడుచుకుంటూ. "ఇకనుంచి నొక్కినా ఏ పెట్టే రాదు."

"ఒక సేవ్ బటన్ పెట్టండి," అంది నాడీన్.

"దేనికి?" వెండెల్ అప్పటికే తను విప్పిందంతా తిరిగి బిగించే పనిలో పడ్డాడు. "అక్షరం కొట్టగానే వచ్చేస్తుంది. దాచడానికి ఏం మిగలదు. బటన్ పెడితే, నొక్కేదాకా అది పోతుందని మనమే ఒప్పుకున్నట్టు."

"నొక్కాక లేచి వెళ్ళొచ్చని చెప్పినట్టు."

"ఏమీ చెయ్యని బటన్ పెట్టడమంటే జనానికి అబద్ధం చెప్పడం. నేను పెట్టను."

గురువారం ఒడాలిస్ ఓక్లాండ్ నుంచి వంతెన దాటి వచ్చింది. నిండైన మనిషి, భుజాన పెద్ద చేతిసంచి. వెండెల్ కుర్చీ చూపించాడు. ఆవిడ తమ సంఘం సమావేశం గురించి నాలుగు ముక్కలు కొట్టింది. పక్క బల్లమీద నుంచి ప్రిసిల్లా అదే పుటలో మరో వాక్యం కొట్టింది. అక్షరాలు తిన్నగా, వరసగా వచ్చాయి. వెండెల్ ఊపిరి వదిలాడు.

"బాగుంది," అంది ఒడాలిస్. "నిజంగా బాగుంది. మరి సేవ్ ఎక్కడ?"

"అవసరం లేదండి. మీరు కొడుతుండగానే మా దగ్గరికి వచ్చేస్తుంది."

"వచ్చిందని నాకెవరు చెప్తారు?"

"నేను చెప్తున్నాను కదండీ."

"రోజూ ఓక్లాండ్ వచ్చి చెప్తారా?"

ప్రిసిల్లా దగ్గు నటించింది. ఒడాలిస్ వేళ్ళు వాటంతట అవే కంట్రోల్, ఎస్ మీటల మీదికి వెళ్ళాయి. నొక్కింది. ఏమీ జరగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. ఏమీ జరగలేదు.

"ఇది నా మాట వినడం లేదు," అంది.

"అంతా భద్రంగా ఉందండి. మీరు మూసేసి లేవొచ్చు."

ఆవిడ లేవలేదు. మౌస్ మీద చెయ్యి అలాగే ఉంది. సంచి పట్టీని రెండో చేత్తో మెలితిప్పుతోంది. "మా వాళ్ళు రాత్రంతా వార్డుల్లో నిలబడి, పొద్దున్నే వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పుకున్న మాటలు ఒకసారి నా చేతుల్లోనే పోయాయి," అంది. "వాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టి అడగలేకపోయాను. ఇది నాకు నచ్చింది. కానీ ఎలా మూసెయ్యాలో తెలీడం లేదు. ఇంకో చోట చూసుకుంటానేమో, ఏమీ అనుకోకండి."

నాడీన్ కళ్ళముందు తెల్లటి క్రీము కదిలింది.

"వెండెల్," అంది. "ఆవిడ లేవలేకపోతోంది. చూడు."

వెండెల్ చూశాడు. ఆవిడ చేతినీ, ఆ మెలిపడిన పట్టీనీ చాలాసేపు చూశాడు. తర్వాత ప్రిసిల్లావైపు తిరిగి, బటన్ పెట్టెయ్యమన్నట్టు తల ఊపాడు.

"నాడీన్, మేడంగారికి కింద చేపలు చూపించు," అంది ప్రిసిల్లా, అప్పటికే కొడుతూ.

"నా పుట తెరిచే ఉంచండి," అంది ఒడాలిస్.

కింద నీలిదీపాల మధ్య ఇద్దరాడవాళ్ళూ నిలబడ్డారు. ఒక నారింజరంగు చేప గాజుకు ముక్కానించి వాళ్ళనే చూస్తోంది.

"నువ్వు ఎన్నిసార్లు నొక్కుతావు?" అని ఒడాలిస్ అడిగింది.

"ప్రతి వాక్యానికీ."

"నేను కామాకి కూడా నొక్కుతా."

పైనుంచి ప్రిసిల్లా గొంతు వినబడింది. "నాడీన్, దానిమీద ఏం రాయను?"

నాడీన్‌కు చాలా రాయాలనిపించింది. ఇక్కడ మనిషి ఉన్నాడు, అంతా అందింది, మీరు నిశ్చింతగా వెళ్ళిరండి అని. "సేవ్ అని రాయి," అంది. "నొక్కాక, సేవ్ అయింది అని. అంతే."

వాళ్ళు తిరిగి వచ్చేసరికి పుట మూలలో చిన్న బూడిదరంగు బటన్ ఉంది. ఒడాలిస్ దాన్ని నొక్కింది. 'సేవ్ అయింది' అన్న మాట వచ్చి, ఒక క్షణం నిలిచి, మెల్లగా మాసిపోయింది. ఆవిడ చెయ్యి మౌస్ మీదినుంచి లేచింది. పుట మూసింది, సంచి భుజానికి తగిలించుకుంది.

"ముందు మా ఆఫీసులో నలుగురికి పెట్టండి," అంది. "సోమవారం ఎవరైనా వచ్చి చూపించాలి. ఈవిడైతే బాగుంటుంది."

ఆవిడ కారు వెళ్ళేదాకా వెండెల్ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. "ఏమీ చెయ్యని బటన్," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "మనం ఇన్ని నెలలు రాసినదంతా వదిలేసి ఆ బటన్‌ని కొనుక్కుంది."

సాయంత్రం పొద్దువాలుతుండగా నాడీన్ తన సహాయం పుటలు తెరిచింది. ఈసారి చిరునామా గడి చూసుకునే తెరిచింది. చివరి వాక్యం రాసి బటన్ నొక్కింది.

"ప్రిసిల్లా, ఇది నిజంగా ఏమీ చెయ్యదా?"

"ఏమీ చెయ్యదు. నువ్వు నొక్కేలోపే అక్షరాలు వెళ్ళిపోయి ఉంటాయి. మాట చూపిస్తుంది, తీసేస్తుంది."

నాడీన్ పుట మూసింది. పెట్టె రాలేదు. ఏ ప్రశ్నా లేదు. చప్పుడు లేకుండా మూసుకుంది.

ఆమె కదలలేదు. అన్నీ చేరాయి కాబట్టి అడగలేదా? అటువైపు ఎవరూ లేరు కాబట్టి అడగలేదా? రెండూ బయటికి ఒకేలా ఉన్నాయి. మళ్ళీ తెరిచింది. చిరునామా చూసింది. సంస్థ పేరే ఉంది. వాక్యం ఉంది. మూసింది. అడగలేదు. మళ్ళీ తెరిచింది.

రైలు వెళ్ళింది. నాలుగో బల్లమీద డోనట్ పెట్టె సన్నగా వణికింది. వెండెల్ తాళాలతో గుమ్మం దగ్గర నిలబడి, దీపం మీటమీద చెయ్యి పెట్టి, ఆమెకోసం చూస్తున్నాడు.

"ఏమ్మా, నిజంగానే వెళ్ళిపోతున్నారా?" అన్నాడు.

నాడీన్ లేచి కోటు తీసుకుంది. "రేపు వస్తాను," అంది.